గోవాలో విల్లా, మూడో వంతు ధర, ఈ సాయంత్రం ఆరులోపు సగం పంపాలట. నమ్మవచ్చా?

సుజాత_కూకట్‌పల్లి | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో మావాళ్లు, మా ఆడపడుచు వాళ్లు కలిసి గోవా వెళ్లాలనుకుంటున్నాము. అస్సగావ్ దగ్గర నాలుగు పడక గదుల విల్లా ఒకటి ఫేస్‌బుక్ గ్రూపులో కనిపించింది. ఈతకొలను, వంటమనిషి, కార్లు నిలుపుకునే చోటు అన్నీ ఉన్నాయట. రోజుకు 9,500 రూపాయలు. అదే వారానికి యాప్‌లలో వెతికితే అలాంటివి 27, 28 వేలకు తక్కువ దొరకడం లేదు.

యజమానితో వాట్సాప్‌లో మాట్లాడాను. హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఆయన పెట్టిన సందేశం సారాంశం ఇది: "యాప్‌లో పెడితే కమిషన్ పోతుంది మేడం, అందుకే నేరుగా ఇస్తున్నాను. ఇంకో కుటుంబం కూడా అడుగుతోంది. సాయంత్రం ఆరులోపు సగం పంపితే తేదీలు మీవే. పెద్దవాళ్లందరి ఆధార్ రెండు వైపులా ఫోటో తీసి పంపండి, పోలీసు నిబంధన."

తన ఆధార్, ఆ ఇంటి కరెంటు బిల్లు కూడా తనంతట తానే పంపారు. ఐదు రాత్రులకు సగమంటే 23,750. మావారు పంపేద్దామంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. ఫోటోలు జత చేశాను. చూసి చెప్పగలరు.

వేణు_బెజవాడ | ఉదయం 9:52

ఆరు గంటల గడువు ఒక్కటి చాలు. పంపకండి.

నల్లమల_నడక | ఉదయం 10:15

సుజాత గారూ, ఆయన తన ఆధార్ పంపారని ధైర్యపడుతున్నట్టున్నారు. అసలు అనుమానించాల్సింది దాన్నే. ఇల్లు అద్దెకిచ్చే వాళ్లెవరూ ముక్కూ మొహం తెలియని వాళ్లకు అడగకముందే ఆధార్ పంపరు. ఆ కార్డు ఇంతకుముందు ఇదే పద్ధతిలో డబ్బు పోగొట్టుకున్న ఎవరిదో అయి ఉండవచ్చు. మీరు పంపే ఆధార్ వచ్చే వారం ఇంకొకరికి "యజమాని ఆధార్" పేరుతో వెళ్తుంది. డబ్బు పోతే పోయింది, మీ పేరు మీద ఇంకొకరు మోసపోయి మీ ఊరి స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే ఆ తలనొప్పి వేరు.

బస చేసే చోట గుర్తింపు కార్డు చూపించాలన్న మాట నిజమే. అది దిగిన రోజు, కౌంటర్ దగ్గర. ముందే ఇవ్వక తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే దించుకోవచ్చు.

ఫణి_కెమెరా | ఉదయం 10:48

ఫోటోలు చూశాను. మూడో ఫోటోలో మంచం పక్కన గోడకున్న ప్లగ్ పాయింట్‌ను పెద్దది చేసి చూడండి. గుండ్రటి గుంటలో రెండే రంధ్రాలు. పక్కన స్విచ్ లేదు. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్, దాని పక్కనే ఒక స్విచ్ ఉంటాయి. ఇలాంటి సాకెట్లు యూరప్‌లో, ఇండోనేషియాలో వాడతారు.

గూగుల్ లెన్స్‌లో వెతికితే మొదట ఏమీ రాలేదు. ఎందుకా అని ఐదో ఫోటోలో స్నానాల గది కుళాయిలు చూశాను, ఎరుపు గుర్తు కుడివైపు ఉంది. వేడినీళ్లది మామూలుగా ఎడమవైపు ఉంటుంది కదా. ఫోటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి పెట్టారన్నమాట. తిరిగి మార్చి వెతికితే వెంటనే దొరికింది. బాలి ద్వీపంలో ఒక విల్లా. ఈతకొలను, ఆ చెక్క ఊయల, వెనకున్న రెండు కొబ్బరిచెట్లు అచ్చంగా అవే.

సుజాత_కూకట్‌పల్లి | ఉదయం 11:05

అమ్మో! ఆ ప్లగ్ పాయింట్ ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారి కూడా తట్టలేదు. మావారికి చూపించాను. "అలంకరణ కోసం విదేశీ సామాను పెట్టించి ఉంటారు" అంటున్నారు. వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమని అడుగుతాను.

రామ్మోహన్_విశ్రాంతి | మధ్యాహ్నం 12:20

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. డబ్బు సంగతి వరకు నాలుగు మాటలు.

పంపే ముందు తెరమీద వచ్చే పేరు చదవండి. యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డులో ఉన్న పేరునే చూపించాలని 2025 జూన్ చివరి నుంచి నిబంధన ఉంది. అవతలివారు తమకు తోచిన పేరు పెట్టుకుంటే చెల్లదు. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో కూడా ఖాతాదారు పేరు ముందే చూసుకునే వీలు 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు ఇవ్వాల్సి ఉంది. విల్లా యజమాని ఒక పేరు, ఖాతా ఇంకొకరి పేరు, అడిగితే "మా మేనేజరు ఖాతా", "మా అకౌంటెంట్ ఖాతా" అని జవాబు వస్తే అక్కడితో ఆపేయండి. ఆ ఖాతా సాధారణంగా ఏ నిరుద్యోగి దగ్గరో కమిషన్‌కు అద్దెకు తీసుకున్నది అయి ఉంటుంది. అందులో పడిన డబ్బు నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు చీలిపోతుంది.

రెండో సంగతి, డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కానర్ అక్కరలేదు. రీఫండ్ పంపుతున్నాము స్కాన్ చేయండి అంటే మీ డబ్బు లాగుతున్నారని అర్థం. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే డబ్బు పంపమని అవతలివారు యాప్‌లో పెట్టే అభ్యర్థనలను, 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు గాని స్కానర్ దారి తెరిచే ఉంది.

రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మన ప్రమేయం లేకుండా, బయటివారి వల్ల ఖాతాలోంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మనమీద పడదు అన్నది ఆ నిబంధన. మన చేత్తో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బుకు అది వర్తించదు. కౌంటర్ దగ్గర ఈ మాట చెప్పినప్పుడల్లా మొహాలు పాలిపోయేవి, అందుకని ముందే చెబుతున్నాను.

అరకు_కాఫీతోట | మధ్యాహ్నం 1:35

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మాలాంటి వాళ్లకు అన్యాయం జరుగుతుంది. అరకు లోయలో చిన్న హోమ్‌స్టే నడుపుతున్నాను. నాలుగు గదులు. నవంబరు నుంచి జనవరి వరకే మాకు వ్యాపారం. నేను కూడా అడ్వాన్సు తీసుకుంటాను, అదీ యూపీఐలోనే. యాప్‌లు తీసుకునే కమిషన్ పోను మిగిలే దానితో వంటమనిషి జీతం కూడా రాదు. "నేరుగా మాట్లాడండి, తగ్గించి ఇస్తాను" అని నేనూ అంటాను. అంతమాత్రాన దొంగనయిపోతానా?

ఇంకా విచిత్రం చెప్పనా, పోయిన సీజన్‌లో నా గదుల ఫోటోలు పెట్టి, నా హోమ్‌స్టే పేరే పెట్టి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచారు. ఫోను నంబరు మాత్రం వాళ్లది. తెల్లవారుజామున విశాఖ నుంచి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, పిల్లలతో సహా వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డారు ఒక కుటుంబం. "డబ్బు కట్టాము కదా" అని నామీద గొడవ. గదులన్నీ నిండి ఉన్నాయి. హాల్లో పరుపులు వేసి పడుకోబెట్టాను.

కాబట్టి నేరుగా బుక్ చేసుకోవద్దని చెప్పకండి. ఎలా సరిచూసుకోవాలో చెప్పండి. నన్ను ఎవరైనా వీడియో కాల్ చేయమంటే సంతోషంగా చేస్తాను. గేటు మీద బోర్డు, రోడ్డు, గదులు, వంటగది అన్నీ తిప్పి చూపిస్తాను. ఈ రోజు పేపరు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఇల్లున్నవాడికి ఇల్లు చూపించడం కష్టమేమీ కాదు.

వేణు_బెజవాడ | మధ్యాహ్నం 1:50

మీ కష్టం అర్థమైంది సార్. అయినా నేను యాప్ బయట ఒక్క రూపాయి పంపను. ఎయిర్‌బీఎన్‌బీ లాంటిదైతే మనం దిగాల్సిన సమయం దాటి దాదాపు 24 గంటలు గడిచాకే యజమానికి డబ్బు విడుదల చేస్తుంది. అక్కడికి వెళ్లి ఇల్లు లేకపోతే ఆ డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క రోజు భద్రత కోసమే కమిషన్ కడుతున్నాననుకుంటాను. మీకు బదులు ఎవడో నకిలీగాడు తగిలితే నాకు హాల్లో పరుపు కూడా ఉండదు కదా.

అరకు_కాఫీతోట | మధ్యాహ్నం 2:10

వేణు గారూ, యాప్‌లో బుక్ చేసుకుని రండి, కాఫీ నావైపు నుంచి. కాకపోతే గది అద్దె కమిషన్ కలుపుకునే ఉంటుంది.

నల్లమల_నడక | మధ్యాహ్నం 2:45

యాప్‌లో ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోకండి వేణు గారూ. హోటలు వాళ్ల కంప్యూటర్‌లోకి వైరస్ పంపి, వాళ్ల లాగిన్ దొంగిలించి, ఆ హోటలు పేరుతోనే అతిథులకు సందేశాలు పంపే ముఠాలు 2023 నుంచి ప్రపంచమంతటా కనిపిస్తున్నాయి. సందేశం యాప్ లోపలే వస్తుంది. మీ పేరు, తేదీలు, చెల్లించిన మొత్తం అన్నీ సరిగ్గానే ఉంటాయి. "మీ కార్డు ధ్రువీకరణ కాలేదు, 12 గంటల్లో ఈ లింకులో వివరాలు ఇవ్వకపోతే బుకింగ్ రద్దవుతుంది" అని ఉంటుంది. లింకు నొక్కితే వచ్చే పేజీ కూడా ఆ యాప్ పోలికలతోనే ఉంటుంది. సందేశం ఎక్కడినుంచి వచ్చిందన్నది కాదు, డబ్బు ఎక్కడికి వెళ్తోందన్నది చూడాలి. బుకింగ్ పేజీలోని చెల్లింపు బటన్ తప్ప ఇంకే లింకులోనూ కార్డు నంబరు కొట్టకండి.

తులసి_తిరుపతి | మధ్యాహ్నం 3:30

గోవా వరకు ఎందుకు, మా తిరుపతిలో రోజూ చూస్తుంటాము. కొండమీద గది ఇప్పిస్తామని వాట్సాప్‌లో డబ్బు కట్టించుకుని, దేవస్థానం బొమ్మతో ఒక రసీదు పంపుతారు. అది పట్టుకుని యాత్రికులు తిరుమలలో కేంద్రీయ విచారణ కార్యాలయం దగ్గరికి వస్తే అక్కడ వాళ్ల పేరే ఉండదు.

దేవస్థానం గదులు వాట్సాప్‌లో ఎవరూ అమ్మరు. వెబ్‌సైట్ పేరు 2024 జనవరిలో మారింది, ఇప్పటిది "టీటీదేవస్థానమ్స్"తో మొదలై "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్"తో ముగుస్తుంది. పాత పేరు గుర్తుపెట్టుకుని గూగుల్‌లో కొట్టేవాళ్లకే నకిలీవి ఎక్కువగా తగులుతుంటాయి. 2023 మార్చి నుంచి గది ఇచ్చేటప్పుడు ముఖ గుర్తింపు పెట్టారు. ఒకరి పేరున తీసుకున్న గదిని ఇంకొకరికి అమ్ముకునే దళారీలను ఆపడానికే అది. అంటే దళారి దగ్గర కొన్న గది నిజమైనదే అయినా మీకు తాళం దొరకదు. 50, 100 రూపాయల గదుల కోసం మూడు వేలు కట్టి వచ్చినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కృష్ణవేణి_నరసరావుపేట | సాయంత్రం 4:05

తులసి గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బాబాయి కాశీలో తెలుగువాళ్ల సత్రం కోసం గూగుల్ మ్యాప్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశారు. తెలుగులోనే మాట్లాడారట, "ఎన్ని రోజులు నిద్ర చేస్తారండీ" అని కూడా అడిగారట. 1,800 కట్టమన్నారు. కట్టాక, "మీరు విడివిడిగా కట్టడం వల్ల సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు, ఇంకోసారి 1,801 పంపండి, రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అన్నారు. తర్వాత "జీఎస్టీ ఎంట్రీ" అని ఇంకోసారి. ఇలా 14 వేలు దాటింది. సత్రం అసలు నంబరుకు చేస్తే "మేము ఫోన్లో డబ్బు తీసుకోమండీ" అని జవాబు. మ్యాప్‌లో నంబరు అలా ఎలా మారుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నల్లమల_నడక | సాయంత్రం 4:20

కృష్ణవేణి గారూ, మ్యాప్‌లో "సవరణ సూచించండి" అని ఒక మీట ఉంటుంది, ఎవరైనా నొక్కవచ్చు. యజమానులు తమదిగా నమోదు చేసుకోని సత్రాలు, చిన్న హోటళ్ల విషయంలో కొత్త నంబరు పెట్టేయడం సులువు. ఇంతమంది యాత్రికులు ఇలా మోసపోతున్నందుకే కేంద్ర హోంశాఖ కింద ఉన్న సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. చార్‌ధామ్ గెస్ట్‌హౌస్‌లు, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, సోమనాథ్ ట్రస్టు గదులు అన్నీ అందులో ఉన్నాయి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ అయితే ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్ర సైట్ తప్ప ఇంకెక్కడా టికెట్ లేదు. ఆ మధ్య "ఏజెంటు కోటా" ఉందని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. సైట్ తెరిచి చూపించినా నమ్మలేదు, ఏం చేస్తాము.

లెస్టర్_చైతన్య | సాయంత్రం 5:10

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడున్న మనవాళ్లకు ఒక సంగతి. క్రెడిట్ కార్డుతో నేరుగా హోటలుకో విల్లా యజమానికో చెల్లిస్తే, ధర వంద పౌండ్లు దాటి ముప్పై వేల పౌండ్ల లోపు ఉంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు బ్యాంకు కూడా బాధ్యురాలే. బ్యాంకు బదిలీకి ఈ సెక్షన్ వర్తించదు. అందుకే నకిలీ యజమాని కార్డు అనగానే "మా మెషిన్ పనిచేయడం లేదు" అంటాడు. స్పెయిన్‌లో ఇల్లు చూపించి పోలండ్‌లో ఖాతాకు పంపమన్నవాడు ఒకడు నాకు తగిలాడు. ఎందుకలా అని అడిగితే పన్నుల గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

సుజాత_కూకట్‌పల్లి | సాయంత్రం 6:25

ఇప్పుడే ముగిసింది. వీడియో కాల్ అడిగితే "కేర్‌టేకర్ ఊరెళ్లాడు, అక్కడ సిగ్నల్ లేదు" అన్నారు. మరి మీరు ఎక్కడున్నారంటే "ముంబైలో" అన్నారు. సరే, పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉందా అంటే "ఇది సొంత ఇల్లు, అవసరం లేదు" అన్నారు. యూపీఐ ఐడీ మాత్రం తీసుకుని యాప్‌లో కొట్టి చూశాను. ఆధార్‌లో ఉన్నది ఒక పేరు, తెరమీద వచ్చింది ఏదో మొబైల్ దుకాణం పేరు. ఆ మాట అనగానే స్వరం మారింది. "పోనీ రెండు వేలే పంపండి, మిగతాది వచ్చాక" అన్నారు. పంపనన్నాను. అప్పటిదాకా మేడం అన్న మనిషి నోటికొచ్చినట్టు తిట్టి బ్లాక్ చేశాడు.

మావారు ఇప్పుడు "నేను ముందే అనుమానించాను" అంటున్నారు.

అరకు_కాఫీతోట | సాయంత్రం 6:40

గోవాలో సొంత ఇల్లయినా యాత్రికులకు అద్దెకు ఇవ్వాలంటే పర్యాటక శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. 1982 నుంచి దానికి చట్టం ఉంది. ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి, నిజమైనవాళ్లు పంపుతారు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఇస్తే దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడవచ్చు, ఎవరి పేరున ఉందో వచ్చేస్తుంది. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి. గోవాకు 30, తెలంగాణకు 36, మన ఆంధ్రకు 37. ఏడాదికి 20 లక్షల వ్యాపారం దాటని నాలాంటి చిన్నవాళ్లకు జీఎస్టీ ఉండకపోవచ్చు, అది లేదని అనుమానించకండి. ఉందని చెప్పి తప్పు నంబరు ఇచ్చినవాళ్లను అనుమానించండి.

శ్రీను_హనుమకొండ | రాత్రి 8:50

ఈ చర్చ చూసి ఇప్పుడే సభ్యత్వం తీసుకున్నాను. సుజాత గారు పెట్టిన ఫోటోలే నాకూ పంపారు. అదే విల్లా, అదే చెక్క ఊయల. ఫోను నంబరు చివరి మూడంకెలు చెప్పగలరా? నేను మధ్యాహ్నం 15,000 పంపాను. మా చెల్లి పెళ్లిరోజు కానుకగా బుక్ చేశాను, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సుజాత_కూకట్‌పల్లి | రాత్రి 8:54

మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను.

శ్రీను_హనుమకొండ | రాత్రి 8:57

అదే నంబరు.

రామ్మోహన్_విశ్రాంతి | రాత్రి 9:02

శ్రీను, ముందు ఈ పేజీ మూసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇప్పుడే. లైన్ దొరకకపోతే చేస్తూనే ఉండండి, ఈలోపు ఇంట్లో ఇంకొకరి చేత సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు మొదలుపెట్టించండి. వాళ్లు అడిగేవి: మీ బ్యాంకు, లావాదేవీ సంఖ్య, మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ. లావాదేవీ సంఖ్య యూపీఐ యాప్ చరిత్రలో 12 అంకెల్లో ఉంటుంది. మీ బ్యాంకుకు కూడా విడిగా చెప్పండి. 1930లో నమోదు కాగానే ఆ సమాచారం అవతలి బ్యాంకుకు చేరుతుంది, ఖాతాలో ఇంకా ఎంత మిగిలి ఉంటే అంత హోల్డ్‌లో పెడతారు. ఏటీఎంలో డ్రా చేసేశాక ఎవరూ ఏమీ చేయలేరు.

అతనికి మీరు తెలుసుకున్నట్టు తెలియనివ్వకండి. చాటింగ్ ఏదీ చెరపకండి. "వెనక్కి ఇప్పిస్తాము" అని ఎవరైనా ఫోన్ చేసి ఫీజు అడిగితే వాళ్లు కూడా ఆ ముఠాయే.

వేణు_బెజవాడ | రాత్రి 9:05

శ్రీను గారూ, లైన్ దొరికిందా? ఇంట్లో చెప్పండి, ఒక్కరే కూర్చోకండి.

శ్రీను_హనుమకొండ | రాత్రి 10:31

దొరికింది. మూడోసారికి ఎత్తారు, తెలుగులోనే మాట్లాడారు. రసీదు సంఖ్య ఎస్ఎంఎస్‌లో వచ్చింది. బావకు చెప్పాను, ఆయనే పోర్టల్‌లో మిగతా వివరాలు నింపుతున్నారు. ఆ మనిషి ఇంకా సందేశాలు పెడుతూనే ఉన్నాడు, మిగతా సగం రేపు ఉదయానికల్లా కావాలట. డబ్బు హోల్డ్ అయితే నాకు ఎలా తెలుస్తుంది? అయితే ఎప్పుడు వస్తుంది?

రామ్మోహన్_విశ్రాంతి | రాత్రి 10:44

రసీదు సంఖ్యతో పోర్టల్‌లో స్థితి చూసుకోవచ్చు. హోల్డ్ అయిన డబ్బు దానంతట అది మీ ఖాతాలో పడదు, మొత్తాన్ని బట్టి కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు ఇలాంటివి లోక్ అదాలత్‌లలో పెట్టించి చాలామందికి ఇప్పించారు, కాబట్టి స్టేషన్‌లో ఆ మాట మీరే అడగండి. రేపు ఉదయం వెళ్లేటప్పుడు ఈ నెల స్టేట్‌మెంట్ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ఆధార్ కూడా పంపారా అతనికి?

శ్రీను_హనుమకొండ | రాత్రి 10:47

పంపాను. నాది, చెల్లిది, బావది.

నల్లమల_నడక | రాత్రి 10:58

అయితే ఫిర్యాదులో ఆ సంగతి కూడా రాయించండి, ఏ రోజు ఏ నంబరుకు పంపారో వివరంగా. ఆధార్ యాప్‌లో ముగ్గురి బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, కనుపాప) లాక్ చేయండి, అయిదు నిమిషాల పని. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది, ఈ రాత్రి ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి చూసుకోండి. సుజాత గారూ, మీరు డబ్బు పోగొట్టుకోకపోయినా ఆ నంబరును అదే సైట్‌లో మోసపు కాల్స్, సందేశాల కోసం ఉన్న చక్షు విభాగంలో ఫిర్యాదు చేయండి, స్క్రీన్‌షాట్లు మీ దగ్గర ఉన్నాయి కదా.

సుజాత_కూకట్‌పల్లి | రాత్రి 11:15

చేశాను. ఆ ఫేస్‌బుక్ గ్రూపు నిర్వాహకులకు కూడా రాశాను, ఆ ప్రకటన ఇంకా అక్కడే ఉంది. కింద కొత్తగా ఇద్దరు "ధర ఎంత" అని అడిగారు. వాళ్లిద్దరికీ ఈ చర్చ లింకు పంపాను.